ఆల్ఫా అప్పుడూ ఇంతేనా?

(రాజమహేంద్రవరంలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ఏటి ఉపన్యాసానికి విషయాన్ని ఎంచుకునే స్వేచ్ఛను నిర్వాహకులు నాకే వదిలిపెట్టారు. ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారు ఉద్యోగ జీవితమంతా డిగ్రీ పిల్లలకు వర్ణపటశాస్త్రం చెప్పారు. అందుకని ఆయన లాబొరేటరీ బల్ల మీద నుంచే మొదలుపెట్టి, వీలైనంత దూరం వెళ్దామనుకున్నాను. బల్ల మీద సోడియం దీపం, స్పెక్ట్రోమీటర్, గ్రేటింగ్ ఉంటాయి. టెలిస్కోపును మెల్లగా తిప్పుతూ రెండో ఆర్డర్‌కు వచ్చేసరికి, అంతవరకూ ఒకటిగా కనబడిన పసుపు గీత రెండుగా విడిపోతుంది. ఒకటి 589.0 నానోమీటర్లు, రెండోది 589.6. ఫిజిక్సు చదివిన ప్రతివారూ ఈ రెండు అంకెలనూ రికార్డు పుస్తకంలో రాసినవారే. గీతలు రెండెందుకు, వాటి మధ్య ఎడం అంతే ఎందుకు అన్నదే ఈ పూట మన విషయం. ఆ ఎడం ఎనిమిది వందల కోట్ల ఏళ్ల కిందట కూడా అంతే ఉందా అన్నది దాని వెంట వచ్చే ప్రశ్న.

ఎలక్ట్రాన్‌కు తన చుట్టూ తాను తిరిగే గుణం ఒకటుంది. కేంద్రకం చుట్టూ అది చేసే కదలికతో ఈ గుణం కలిసే తీరు రెండు రకాలు. రెండింటికీ శక్తిలో పిసరంత తేడా ఉంటుంది. ఆ పిసరు ఎంతో నిర్ణయించే సంఖ్యను 1916లో ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ భౌతికశాస్త్రంలోకి తెచ్చాడు. దాన్ని ఆల్ఫా అంటాం, పూర్తి పేరు సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం. ఎలక్ట్రాన్ విద్యుదావేశం, ప్లాంక్ స్థిరాంకం, కాంతి వేగం, ఈ మూడూ కలిసి అందులో ఉన్నాయి. విలువ సుమారు 1/137.036. రేఖల మధ్య ఎడాన్ని రేఖ తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వచ్చే సంఖ్య ఆల్ఫా వర్గాన్ని అనుసరించి మారుతుంది. సోడియంకు అది వెయ్యిలో ఒక వంతు. ఆల్ఫా నూటికి ఒక వంతు పెరిగిందనుకోండి, ఎడం నూటికి రెండు వంతులు పెరుగుతుంది. అంటే మన కాలేజీ బల్ల మీద రెండు పసుపు గీతల మధ్య దూరం కొలిచిన విద్యార్థి, తెలిసో తెలియకో, ఆల్ఫాను కొలిచినట్టే.

ఆల్ఫా ఒక్క సోడియంకు సంబంధించింది కాదు. పరమాణువు పరిమాణం, రసాయన బంధాల బలం, నక్షత్రాల్లో కార్బన్ తయారయ్యే తీరు, అన్నిటి వెనకా ఆ సంఖ్య ఉంది. దాని విలువ ఎందుకు అంతో ఏ సిద్ధాంతమూ చెప్పదు. కొలుచుకోవాలి, అంతే. ఎందుకు అంతో తెలియని సంఖ్య ఎప్పుడూ అంతే ఉంటుందని ఎలా అనగలం? ఈ అనుమానాన్ని గట్టిగా పైకి అన్నవాడు పాల్ డిరాక్. ఎలక్ట్రానుకూ ప్రోటానుకూ మధ్య విద్యుత్ ఆకర్షణను గురుత్వాకర్షణతో భాగిస్తే ఒకటి పక్కన దాదాపు 39 సున్నాలున్న సంఖ్య వస్తుంది. విశ్వం వయసును పరమాణువుల కాలమానంలో చెప్పినా అదే స్థాయి సంఖ్య వస్తుంది. ఇది కాకతాళీయం కాదనీ, విశ్వం వయసు పెరిగేకొద్దీ గురుత్వ స్థిరాంకం తగ్గుతూ ఉండాలనీ 1937లో ఆయన ప్రతిపాదించాడు. అదే ఏడాది మన చంద్రశేఖర్ ఆ దారినే ఆలోచిస్తూ నక్షత్రాల ద్రవ్యరాశుల గురించి ఒక చిన్న వ్యాసం రాశారు. 1948లో ఎడ్వర్డ్ టెల్లర్ లెక్క వేసి, డిరాక్ మాటే నిజమైతే పూర్వకాలపు సూర్యుడు మరీ వేడిగా ఉండేవాడనీ, భూమి మీద జీవం నిలిచేది కాదనీ చూపించాడు. దాంతో 1967లో జార్జ్ గామో, గురుత్వాన్ని వదిలేసి ఎలక్ట్రాన్ ఆవేశమే మారుతోందేమో చూద్దామన్నాడు. అది మారితే ఆల్ఫా మారాలి. ఆ మాట అన్న ఏడాదిలోనే ఆకాశం నుంచి జవాబు వచ్చింది. ఆ జవాబుకు ముందు ఒక చిక్కు విప్పుకోవాలి.

ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ అంకెలు మనకు కంఠతా వచ్చు. 1986 ఆగస్టు వరద మట్టాన్ని ఇప్పటి వరద మట్టంతో పోల్చాలంటే, ఈ మధ్యకాలంలో గేజీ పలక పాతిన చోటు కుంగలేదని తెలిసి ఉండాలి. మనది ఒండ్రు నేల, కుంగడం వింత కాదు. అయితే పలక కుంగిందా లేదా అని ఆ పలకనే అడిగి ప్రయోజనం లేదు. నీరు పెరిగినా పలక కుంగినా అది చూపించే అంకె ఒకటే. స్థిరాంకాల దగ్గరా ఇదే చిక్కు. కాంతి వేగం మారుతోందా అని అడుగుతాం. కానీ 1983 నుంచి మీటరుకు నిర్వచనమే కాంతి వేగం మీద నిలబడి ఉంది. సెకనుకు 29,97,92,458 మీటర్లు అన్నది కొలిచిన విలువ కాదు, మనం పెట్టుకున్న ఒప్పందం. 2019 మే 20 నుంచి కిలోగ్రాము కూడా ప్లాంక్ స్థిరాంకం మీదే నిలిచింది. కొలబద్దను దేనితో చేశామో దాన్ని ఆ కొలబద్దతోనే కొలిస్తే ఎప్పుడూ ఒకే అంకె వస్తుంది. కాబట్టి అడగదగ్గ ప్రశ్న ప్రమాణాలు లేని శుద్ధ సంఖ్యల గురించే. ఆల్ఫా అలాంటిది. ప్రోటాన్ ద్రవ్యరాశిని ఎలక్ట్రాన్ ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చే 1836.15 కూడా అలాంటిదే. మీటర్లలో కొలిచినా మూరల్లో కొలిచినా ఇవి మారవు. మారాయంటే ప్రకృతే మారిందని అర్థం.

దూరపు కాంతి ఈ పనికి ఇంతగా కుదరడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. విశ్వం వ్యాకోచిస్తున్నకొద్దీ ప్రయాణంలో ఉన్న కాంతి సాగుతుంది. ఒకే మేఘం నుంచి వచ్చిన రెండు రేఖలూ ఒకే నిష్పత్తిలో సాగుతాయి. రేఖలు ఎరుపు వైపు ఎంత జరిగినా, వాటి ఎడాన్ని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వచ్చే సంఖ్య చెక్కుచెదరదు. అది మారి కనిపిస్తే అందుకు వ్యాకోచం కారణం కాదు, ఆల్ఫానే కారణం.

క్వేజార్ల స్వభావం తెలిసింది 1963లో. 3సి 273 అనే రేడియో జనకం ఉన్న చోట చిన్న నక్షత్రంలా కనిపించే వస్తువు వర్ణపటాన్ని మార్టెన్ ష్మిట్ చదివాడు. రేఖలు దాదాపు 16 శాతం ఎరుపు వైపు జరిగి ఉన్నాయి. అది పక్కనున్న నక్షత్రం కాదనీ, ఎక్కడో దూరాన ఉన్న గెలాక్సీ నడిబొడ్డున పెద్ద కృష్ణబిలం చుట్టూ వేడెక్కిన పదార్థమనీ తరవాత తేలింది. మనకు కావలసింది నిజానికి క్వేజార్ కాదు, దారిలో అడ్డుపడే వాయుమేఘాలు. క్వేజార్ వెనక నుంచి వెలుగు ఇస్తుంది. మధ్యలో ఉన్న గెలాక్సీల వాయువు ఆ వెలుగులో తనకు సొంతమైన తరంగదైర్ఘ్యాలను మింగేస్తుంది. మిగిలిన వర్ణపటంలో సన్నని నల్లటి గీతలు ఉంటాయి. ఒక్కొక్క మేఘానిదీ ఒక్కొక్క కాలం.

వెనక దీపం, మధ్యలో లోహపు ఆవిరి, ఇవతల స్పెక్ట్రోగ్రాఫ్. ఈ అమరిక మన ప్రాంతానికి కొత్త కాదు. కోనసీమలోని ముక్కామలలో 1887లో పుట్టిన అప్పాద్వేదుల లక్ష్మీనారాయణ గారు, శాస్త్రలోకంలో ఎ.ఎల్. నారాయణ్, విజయనగరం మహారాజా కాలేజీలో ఫిజిక్సు చెబుతూ, వేడిచేసిన లోహపు ఆవిర్లు ఏ ఏ తరంగదైర్ఘ్యాలను మింగుతాయో కొలిచారు. 1920లలో ఒక పట్టణపు కాలేజీలో జరిగిన పని అది. తరవాత ఆయన కొడైకెనాల్ సౌర వేధశాలకు వెళ్లి, 1937లో దానికి మొదటి భారతీయ డైరెక్టరయ్యారు. ఆయనతో కలిసి పనిచేసిన కొచ్చెర్లకోట రంగధామరావు గారు లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఆల్ఫ్రెడ్ ఫౌలర్ దగ్గర పనిచేసి వచ్చి, వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఫిజిక్సు శాఖను వర్ణపటశాస్త్రానికి పేరుపడ్డ చోటుగా నిలబెట్టారు. ఎలక్ట్రాన్లు ఒకటో రెండో మూడో ఊడిపోయిన పరమాణువుల రేఖలను వర్గీకరించడం ఆయన పని. అలాంటి అయాన్ల రేఖలే ఈనాడు క్వేజార్ కాంతిలో చదువుతున్నవి. గోదావరి జిల్లాల కాలేజీల్లో ఫిజిక్సు చెప్పిన ఎందరో ఆ వాల్తేరు శాఖలో చదివి వచ్చినవారే, మన మాస్టారితో సహా. వారి పట్టికలు, వారి ఓపిక ఈ కథకు పునాదిలో ఉన్నాయి. మన దగ్గర సిద్ధాంతం చెప్పేవారికి దక్కే గౌరవం కొలత కొలిచేవారికి దక్కదు. అది న్యాయం కాదని నేను నమ్ముతాను. ఎందుకో మిగతా కథ చెబుతుంది.

1967లో జాన్ బాకాల్, ష్మిట్ కలిసి అయిదు రేడియో గెలాక్సీల్లో ఆక్సిజన్ జంట రేఖల ఎడం కొలిచారు. సుమారు 200 కోట్ల ఏళ్ల నాటి ఆల్ఫాను ఇప్పటి ఆల్ఫాతో భాగిస్తే 1.001 వచ్చింది, అటూ ఇటూ 0.002 పొరపాటుతో. గామో ఊహ నిలబడలేదనడానికి అది చాలు. అదే ఏడాది ఇంకా దూరాన ఉన్న 3సి 191 క్వేజార్‌లో సిలికాన్ రేఖలతో 0.98, పొరపాటు 0.05 అని వచ్చింది. ఆ తరవాత ముప్పై ఏళ్లు ఇదే పద్ధతికి మెరుగులు దిద్దారు తప్ప పెద్ద మలుపు లేదు.

మలుపు 1999లో వచ్చింది. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో విక్టర్ ఫ్లామ్‌బామ్, వ్లదీమిర్ జూబా పరమాణు సిద్ధాంతం చేస్తే, జాన్ వెబ్ ఖగోళం చూశాడు. ఒకే మూలకపు జంట రేఖలకు ఎందుకు కట్టుబడాలి అన్నది వారి ప్రశ్న. ఆల్ఫా మారితే రేఖ ఎంత జరుగుతుందన్నది కేంద్రకపు ఆవేశం వర్గంతో పెరుగుతుంది. మాగ్నీషియం పరమాణు సంఖ్య 12, ఇనుముది 26. మాగ్నీషియం అయాన్ రేఖలు 279.6, 280.4 నానోమీటర్ల దగ్గర దాదాపు కదలకుండా నిలబడతాయి. ఇనుము అయాన్ రేఖలు 238.3, 260.0 దగ్గర బాగా జరుగుతాయి. కదలని రేఖలను ఆధారంగా పెట్టుకుని కదిలే రేఖలను కొలిస్తే, జంట రేఖల పద్ధతి కన్నా దాదాపు పదింతలు ఖచ్చితత్వం వస్తుంది. భూమి మీదైతే ఈ అతినీలలోహిత రేఖలను వాతావరణం రానివ్వదు. దూరపు మేఘం నుంచైతే అవి సాగి సాగి దృశ్యకాంతిలోకి వస్తాయి. కాంతి 2.15 రెట్లు సాగిన మేఘంలో మాగ్నీషియం రేఖ 601 నానోమీటర్ల దగ్గర, నారింజ రంగులో కనిపిస్తుంది.

ఆ పద్ధతికి సిద్ధమవుతున్నప్పుడే ఒక లోటు బయటపడింది. ఆకాశం నుంచి వచ్చిన కొలత బాగుంది. భూమి మీది కొలతే చాల్లేదు. మాగ్నీషియం రేఖల తరంగదైర్ఘ్యం ప్రయోగశాలలో అంత ఖచ్చితంగా ఎవరూ కొలిచి ఉండలేదు. జూలియట్ పికరింగ్, ఆన్ థోర్న్ ఇంపీరియల్ కాలేజీలో కూర్చుని, వెబ్‌తో కలిసి, వాటిని మళ్లీ కొలిచి 1998లో ప్రచురించారు. ఫౌలర్ పనిచేసిన, రంగధామరావు గారు పనిచేసిన ఆ సంస్థలోనే. వారి పని లేకపోతే తరవాతి చర్చకు అర్థమే లేదు.

హవాయి దీవుల్లోని కెక్ టెలిస్కోపు నుంచి వచ్చిన వర్ణపటాల్లో, ఆల్ఫా పూర్వం ఇప్పటికన్నా కొంచెం తక్కువగా ఉండేదని కనిపించింది. వెబ్ శిష్యుడు మైఖేల్ మర్ఫీ ఆ విశ్లేషణను విస్తరించాడు. 143 మేఘాల సగటు చూస్తే తేడా లక్షకు 0.57 వంతులు తక్కువ, పొరపాటు 0.11. తేడా పొరపాటుకు అయిదు రెట్లు. ఇంత పెద్ద మాటకు ఇంత బలమైన అంకె రావడంతో లోకమంతా తిరిగి చూసింది. పత్రికలు రాశాయి, సిద్ధాంతకారులు నమూనాలు కట్టారు. అదృశ్య క్షేత్రాలు, అదనపు పరిమాణాలు, కృష్ణశక్తి, అన్నిటికీ అందులో చోటు దొరికింది.

2004లో జవాబు పూణే నుంచి వెళ్లింది. అక్కడి ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకాలో హుమ్ చంద్, శ్రీయానంద్, పారిస్‌లో పాట్రిక్ పెటిజాన్, బాస్టియెన్ అరాసిల్ కలిసి, చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుతో తీసిన వర్ణపటాల్లో 23 మేఘాలను ఎంచి కొలిచారు. తేడా లక్షకు 0.06 తక్కువ, పొరపాటు కూడా 0.06. అంటే మార్పు లేదన్నమాట. మూడేళ్ల తరవాత మర్ఫీ, వెబ్, ఫ్లామ్‌బామ్ ఆ సమాచారాన్నే మళ్లీ విశ్లేషించి, 0.06 ఖచ్చితత్వం దాని నుంచి రాదనీ, తమ లెక్కలో పొరపాటు 0.36 తేలిందనీ రాశారు. శ్రీయానంద్ బృందం అదే పత్రికలో జవాబు ఇచ్చింది. రెండు వైపుల వాదనలూ చదివాను. వక్రరేఖను సరిపెట్టే పద్ధతి గురించిన ఆ చర్చలో మర్ఫీ వైపు బలం ఉందని నాకు అనిపించింది. కానీ మార్పు ఉందా లేదా అన్న అసలు ప్రశ్న మీద పూణే బృందం చెప్పినదే నిలిచింది. ఒక లెక్కలో పద్ధతికి వంక దొరికినా ఫలితం నిజం కావచ్చు. దానికి ఇది మంచి ఉదాహరణ.

2011లో కథ మరింత వింత మలుపు తీసుకుంది. చిలీ నుంచి 150కి పైగా మేఘాలను చూసిన వెబ్ బృందానికి, దక్షిణాకాశంలో ఆల్ఫా ఎక్కువగా, ఉత్తరాకాశంలో తక్కువగా ఉందనిపించింది. విశ్వానికి ఒక దిక్కు ఉందన్నట్టు. యాదృచ్ఛికంగా అలా వచ్చే అవకాశం చాలా తక్కువని లెక్క చెప్పింది. గణాంకశాస్త్రం తన పని తాను సరిగానే చేసింది. అది చూడనిది ఒకటే, కొలబద్ద.

దాని దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడతాను. ఈ అరగంటలో మీకు అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. ఆల్ఫా లక్షలో ఒక వంతు మారితే ఇనుము రేఖ జరిగేది, వేగంలో చెబితే, సెకనుకు సుమారు 200 మీటర్లు. ఆ వర్ణపటాల్లో ఒక్క పిక్సెలే సెకనుకు కిలోమీటరుకు పైగా ఉంటుంది. అంటే పిక్సెల్‌లో పదో వంతు మీద వాదన నడుస్తోంది. పిక్సెల్ నంబరును తరంగదైర్ఘ్యంగా మార్చేందుకు థోరియం-ఆర్గాన్ దీపం వాడతారు. రాత్రి క్వేజార్‌ను చూస్తారు, తరవాత దీపం వెలిగించి దాని రేఖలతో స్కేలు గీసుకుంటారు. దీపపు వెలుగు స్పెక్ట్రోగ్రాఫ్‌లోకి కాంతి వెళ్లే సన్నని చీలికను సమంగా నింపుతుంది. క్వేజార్ వెలుగు అలా నింపదు. వాతావరణంలో మినుకుతూ, చీలిక మధ్యలో ఎక్కువగా, అంచుల్లో తక్కువగా పడుతుంది. రెండు కాంతులూ పరికరం లోపల పూర్తిగా ఒకే దారిన నడవవు. ఒక కాంతి దారి మీద గీసిన స్కేలుతో ఇంకో కాంతిని కొలిచారన్నమాట. అయోడిన్ ఆవిరి ఉన్న గొట్టాన్ని దారిలో పెట్టి 2010లో కిమ్ గ్రీస్ట్, సహచరులు కెక్ స్కేలును పరీక్షిస్తే, సెకనుకు వందల మీటర్ల తేడాలు బయటపడ్డాయి.

ఇక తీర్పు చెప్పినవాడు మైఖేల్ మర్ఫీ. మెల్‌బోర్న్ స్విన్‌బర్న్ విశ్వవిద్యాలయంలో జొనాథన్ విట్‌మోర్‌తో కలిసి, ఈ టెలిస్కోపులు గత ఇరవై ఏళ్లలో తీసిన చుక్కల, గ్రహశకలాల వర్ణపటాలను భద్రపరచిన చోట్ల నుంచి బయటికి తీశాడు. గ్రహశకలం మీద పడి వచ్చేది సూర్యకాంతి. సూర్యుని పోలిన నక్షత్రాలు కొన్ని ఉన్నాయి. సూర్యుని వర్ణపటం మనకు అతి ఖచ్చితంగా తెలుసు. తెలిసిన కాంతిని ఆ పరికరంతో చూసి, అది ఏం చూపిస్తుందో చూశారు. నీలం చివర నుంచి ఎరుపు చివర దాకా స్కేలు ఒక వైపుకు వాలి ఉంది. వంద నానోమీటర్లలో సెకనుకు దాదాపు 200 మీటర్ల మేర. ఆ వాలు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క రకంగా ఉంది. 2015లో ప్రచురించిన ఆ లెక్క, చిలీ ఫలితాన్ని బాగానే వివరించింది, హవాయి ఫలితాన్ని కొంతవరకు. ఏ ఫలితం మీద తన పేరు నిలబడిందో ఆ ఫలితానికే పునాది లేదని అతనే చూపించాడు. నాకు తెలిసిన శాస్త్రచరిత్రలో ఇంత నిజాయితీగా జరిగిన పని అరుదు. పదేళ్ల శ్రమ పెట్టిన అంకెను కాపాడుకోవడానికి మనిషికి ఎన్ని దారులు ఉంటాయో పరిశోధకులకు తెలుసు.

అక్కడ ఆగకుండా మర్ఫీ మరింత మంచి పరికరం కోసం చూశాడు. చిలీలోని పరనాల్ శిఖరం మీద 2018 నుంచి పనిచేస్తున్న ఎస్‌ప్రెసో స్పెక్ట్రోగ్రాఫ్‌లో కాంతి ఫైబరు గుండా వస్తుంది. కాబట్టి అన్ని కాంతులూ చీలికను ఒకేలా నింపుతాయి. పరికరం శూన్యంలో, మారని ఉష్ణోగ్రతలో ఉంటుంది. స్కేలు గీసేందుకు దీపం బదులు లేజర్ దువ్వెన ఉంది. సమానమైన ఎడంతో వేలకొద్దీ రేఖలు పరిచే ఆ లేజర్ విద్యకు థియోడోర్ హెన్ష్, జాన్ హాల్ 2005లో నోబెల్ బహుమతిలో పాలు పంచుకున్నారు. ఆ రేఖలు పరమాణు గడియారంతో ముడిపడి ఉంటాయి. 2022లో వచ్చిన ఫలితం ఇది: హెచ్‌ఈ 0515-4414 అనే మెరుపు ఎక్కువగల క్వేజార్ దారిలో, ఎనిమిది వందల కోట్ల ఏళ్లకు పైగా పాతదైన ఒక్క మేఘంలో, ఆల్ఫా తేడా పది లక్షలకు 1.3. గణాంక పొరపాటు కూడా 1.3, పరికరం వల్ల వచ్చే పొరపాటు 0.4. అంటే తేడా కనపడలేదు. నేను మొదట చెప్పిన 2.15 రెట్ల మేఘం ఇదే.

రేడియో తరంగాలకు వస్తే, ఇక్కడ మన దేశపు పని ఇంకా ముఖ్యమైనది. పూణేలోని రేడియో ఖగోళ కేంద్రం ఎన్‌సీఆర్‌ఏలో నిస్సీమ్ కనేకర్, జయరామ్ చెంగలూర్, పోర్టో రికోలోని అరెసిబో రేడియో వేధశాలలో తపసి ఘోష్ కలిసి, పీకేఎస్ 1413+135 అనే జనకంలో హైడ్రాక్సిల్ అణువుల రెండు రేఖలను పట్టుకున్నారు. ఒకటి మింగిన వెలుగును రెండోది అంతే మేర వెదజల్లుతుంది. ఒకదాన్ని మరోదానితో కలిపితే సున్నా వస్తుంది. రెండూ ఒకే వాయువు నుంచి వచ్చాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. వేరువేరు వాయువుల వేగాలు కలిసిపోవడం ఇలాంటి పనిలో పెద్ద బెడద, ఈ జంటకు ఆ బెడద లేదు. దాదాపు 300 కోట్ల ఏళ్ల వెనక నుంచి వచ్చిన ఈ రేఖల మొదటి కొలతల్లో చిన్న సూచన ఒకటి ఉండేది. 2018 నాటికి మరింత సమాచారం చేరాక అది కరిగిపోయింది. పూణే జిల్లా ఖొడద్ దగ్గర 45 మీటర్ల వ్యాసంగల 30 డిష్‌లతో ఉన్న జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు, దూరపు గెలాక్సీల హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల రేఖను పట్టుకోవడంలో దిట్ట. ఆ రేఖను అతినీలలోహిత రేఖలతో పోల్చడం శ్రీయానంద్, నీరజ్ గుప్తా వంటివారు కొనసాగిస్తున్న దారి.

మిగతావి త్వరగా చెబుతాను. ఆఫ్రికాలోని గబాన్‌లో ఓక్లో దగ్గర యురేనియం గనిలో, సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట దానంతట అదే అణురియాక్టర్ నడిచిందని 1972లో తేలింది. అక్కడ మిగిలిన సమేరియం పాళ్ల నుంచి ఆల్ఫా కోటికి ఒకటి స్థాయిలోనూ మారలేదని లెక్క. 2008లో అమెరికాలో అల్యూమినియం, పాదరసం అయాన్ గడియారాలను ఏడాదిపాటు పోల్చి చూస్తే, ఇప్పుడైతే ఏటా మార్పు ఉన్నా అది ఒకటి పక్కన 17 సున్నాలు పెట్టిన సంఖ్యలో కొద్ది వంతులను మించదని వచ్చింది. ఓక్లో ఒకే చోటి సంగతి, గడియారాలు ఒకటి రెండు ఏళ్ల సంగతి. విశ్వం చిన్నదిగా ఉన్న రోజుల గురించి అడగాలంటే క్వేజారే దిక్కు.

ఇంకా ఆరని అనుమానం ఒకటి ఉంది. భూమి మీద మాగ్నీషియం మూడు ఐసోటోపుల మిశ్రమం: 24 భారంగలది 79 శాతం, 25ది 10 శాతం, 26ది 11 శాతం. వాటి రేఖలు ఒకదానికొకటి కొద్దిగా పక్కకు ఉంటాయి. క్వేజార్ వర్ణపటంలో అవి కలిసిపోయి ఒకే రేఖగా కనిపిస్తాయి. పాత మేఘంలో ఈ పాళ్లు వేరుగా ఉంటే, కలిసిన రేఖ నడిమి బిందువు జరిగి, ఆల్ఫా మారినట్టే కనిపిస్తుంది. ఆ మేఘంలో ఏ నక్షత్రాలు ఏ పాళ్లలో మాగ్నీషియం తయారుచేశాయో మనకు ముందే తెలియదు. దీన్ని విడదీయాలంటే ఒక్కొక్క ఐసోటోపు రేఖ ఎక్కడ ఉందో ప్రయోగశాలలో కొలిచి ఉండాలి. మాగ్నీషియంకు ఆ పని జరిగింది. క్వేజార్లలో కనిపించే అయాన్లలో చాలావాటికి ఇంకా కావలసినంత ఖచ్చితత్వంతో జరగలేదు.

చిలీలో 39 మీటర్ల దర్పణంతో యూరోపియన్ టెలిస్కోపు కడుతున్నారు. దానికి ఆండీస్ అనే వర్ణపట పరికరం రూపుదిద్దుకుంటోంది. ఆ పరికరం పట్టే కాంతితో ఒక్కొక్క మేఘంలో ఖచ్చితత్వం మరింత పెరుగుతుంది. అప్పుడు హద్దు పెట్టేవి దర్పణం సైజూ, రాత్రుల సంఖ్యా కావు. ఇనుము, జింకు, క్రోమియం, నికెల్ అయాన్ల ప్రయోగశాల పట్టికలే హద్దు పెడతాయి. ఆ పట్టికలు మెరుగుపరిచే పని మంచి గ్రేటింగు, లేజరు, అయాన్లను పట్టి ఉంచే ఉచ్చు, ఓపికగల ఇద్దరు ముగ్గురు మనుషులున్న విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో జరిగేదే. ముక్కామల లక్ష్మీనారాయణ గారు విజయనగరంలో ఇంతకన్నా తక్కువ సామగ్రితోనే మొదలుపెట్టారు. మీలో ఎవరైనా ఎమ్మెస్సీ తరవాత ఏం చేయాలని ఆలోచిస్తుంటే, ఈ సభ అయ్యాక నాతో మాట్లాడండి. ఏ ఏ అయాన్లకు ఏ రేఖలు కావాలో నా దగ్గర పట్టిక ఉంది.